ఎర్ర చుక్కను దాచినవాణ్ని

ఎర్ర చుక్కను దాచడం నేను సొంతంగా నేర్చుకున్న విద్య. దాంతో మేడ్చల్‌లో నాకు మంచి పేరు కూడా వచ్చింది. "గా పిలగాడు చేసిన సైట్లు సతాయించయి" అని ఫంక్షన్ హాళ్లవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవారు. సతాయించేదాన్ని నేను వాళ్ల కంట పడకుండా చేశానని వాళ్లకు తెలియదు. తెలిసినా ఏమీ అనుకునేవారు కాదు, అది వేరే సంగతి.

బస్ డిపో ఎదురు సందులో, టిఫిన్ సెంటర్ పైన నా షాపు. జిరాక్స్, పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు అని బోర్డు మీద పెద్దగా ఉంటుంది. కింద మిగిలిన జాగాలో వెబ్‌సైట్లు అని ఉంటుంది. ప్రైవేటు స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు, బోర్లు వేసేవాళ్లు, ఒక పళ్ల డాక్టరు, వీళ్లే నా గిరాకీ. వెబ్‌సైటు ఎందుకో వీళ్లలో సగం మందికి తెలియదు. పక్కవాడికి ఉంది కాబట్టి తమకూ ఉండాలి.

ఆ సైట్లలో ఏదీ నేను మొదటి అక్షరం నుంచి రాసింది కాదు. అంత తెలివే ఉంటే టిఫిన్ సెంటర్ పైన ఇడ్లీ ఆవిరి పీలుస్తూ ఎందుకు కూర్చుంటాను? ఎక్కడో ఎవరో తయారుచేసి ఊరికే ఇచ్చే చిన్న చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. వాటిని ప్లగిన్లు అంటారు. ఫొటోల వరుసకు ఒకటి, దరఖాస్తు ఫారానికి ఒకటి, లాగిన్‌కు ఒకటి. వాటిని తెచ్చి సైటుకు తగిలించి, రంగు మార్చి, పైన ఓనర్ ఫొటో పెట్టి ఇస్తాను. ప్లగిన్ చేసినవాళ్లకు అందులో తప్పు దొరికినప్పుడు, సరిచేసిన కొత్తదాన్ని వదులుతారు. అప్పుడు సైటు లోపలి పేజీలో ఒక ఎర్ర చుక్క వెలుగుతుంది. కొత్తది వచ్చింది, ఎక్కించుకోండి అని దాని అర్థం.

ఆ చుక్క కనబడిందంటే నా ఫోను మోగేది.

"తమ్మీ, గా ఎర్ర సుక్క ఏంది? వైరస్ గిట్ల వచ్చిందా?"

"ఏం గాదన్నా, మామూలే."

"ఏం గాకుంటే ఎర్రగెందుకున్నదిరా బై?"

మొదట్లో ఓపికగా కొత్తవి ఎక్కించేవాణ్ని. ఒకసారి అలా ఎక్కించగానే ఒక ఫంక్షన్ హాలు సైటులో ఫొటోలన్నీ చెల్లాచెదురయ్యాయి. మంచి లగ్గాల సీజన్. ఆ ఓనర్ వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, చాయ్ తెప్పిస్తే తాగకుండా, ఫొటోలు సర్దుకునేదాకా కదలలేదు. ఆ రోజు నుంచి నాకొక నియమం ఏర్పడింది. నడుస్తున్న బండిని ఆపి ఇంజను విప్పకూడదు. ఎర్ర చుక్కలను కనబడకుండా చేసే ప్లగిన్ కూడా ఒకటుందని వెతికి పట్టుకున్నాను. కొత్త సైటు మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ కొట్టినట్టు అన్నిటికంటే ముందు దాన్నే ఎక్కించేవాణ్ని. ఫోన్లు ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే నాకు కూడా ఆ చుక్కలు కనబడటం ఆగిపోయింది.

తుర్కపల్లి ల్యాబులకు క్యాబులు నడిపే కాంట్రాక్టరు ఒకాయన నా దగ్గరికి వచ్చింది అప్పుడే. నున్నగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"కంపెనోళ్లు అడుగుతున్నరు తమ్మీ. లేడీస్ స్టాఫుకు కంప్లైంట్ జేసుకునే సౌలత్ ఉండాల్నంట. గది సైట్ల ఉన్నట్టు సూపియ్యాలె" అన్నాడు.

ఉన్నట్టు చూపించాలి. ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు. అందరూ అలాగే మాట్లాడతారు కదా.

సైటు చేసిచ్చాను. క్యాబులో వెళ్లే ఆడవాళ్లకు, డ్రైవర్లకు, రూట్లు చూసే సూపర్‌వైజరుకు, అందరికీ ఒక్కో లాగిన్. ఎవరి క్యాబు ఎన్నింటికో అందులో చూసుకోవచ్చు, డ్రైవర్లు ట్రిప్పులు ఎక్కించవచ్చు. ఫిర్యాదుల కోసం వేరే పేజీ. ఫిర్యాదు వస్తే ఓనరుకు మెయిల్ వెళ్లాలి. "నాకు మెయిల్ గిట్ల లేదు, నువ్వే ఒకటి తియ్యి" అన్నాడాయన. తీశాను. మా దగ్గర అది మామూలే. మేడ్చల్‌లో నేను తీసిపెట్టిన మెయిళ్లు పాతిక దాకా ఉంటాయి. వాటి పాస్‌వర్డులన్నీ నా నోటుబుక్కులోనే ఉంటాయి. పాస్‌వర్డు కావాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఫిర్యాదు పేజీ పైన ఒక వాక్యం పెట్టాను. "మీ ఫిర్యాదును యజమాని తప్ప మరెవరూ చూడలేరు." ప్లగిన్‌తో వచ్చిన వాక్యం కాదు. నేనే రాశాను. ఆకుపచ్చ అక్షరాలు, పక్కన తాళం బొమ్మ. చాలా అందంగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

మా అక్కను దేవరయాంజాల్‌లో ఇచ్చాం. తుర్కపల్లిలో ఒక ల్యాబులో గాజుసామాను కడిగే పని ఆమెది. "బోళ్లు తోముడే గదా" అని వాడకట్టులో ఎవరన్నా అంటే అక్కకు పౌరుషం వచ్చేది. "బోళ్లు గావు. ఒక్క మరక ఉన్నా వాళ్ల నెల రోజుల పని గంగల గలుస్తది. నేను పాస్ జేస్తెనే అవి లోపలికి పోతయి" అనేది. కడిగిన ప్రతి సీసానూ వెలుతురుకు ఎత్తి, తిప్పి చూసేదట. ఇంటికొచ్చాక మెడలోని ఐడీ కార్డు తీసి దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించేది. పొద్దున్నే దీపం పెట్టి, దండం పెట్టుకుని, ఆ కార్డు మెడలో వేసుకుని బయలుదేరేది. పెళ్లయిన పదకొండేళ్లకు ఆమెకంటూ దొరికిన పని అది.

బావ మంచివాడే. కొట్టడు, తాగడు. అక్కను ఉద్యోగానికి పంపడానికి మాత్రం ఏడాది ఆలోచించాడు. చివరికి ఒప్పుకుంటూ ఒకే మాట అన్నాడు.

"మాట రావొద్దు. మాట వచ్చిన్నాడు ఇంట్ల కూసుంటవు."

రెండేళ్లు ఆ మాట రాకుండా అక్క తన నీడను కూడా చూసుకుంటూ నడిచింది.

సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగేవాళ్ల క్యాబు తుర్కపల్లి నుంచి వస్తూ, షామీర్‌పేటలో కొందరిని, దేవరయాంజాల్‌లో అక్కను, చివరికి మేడ్చల్‌లో నలుగురిని దించేది. ఎండాకాలం తరువాత కొత్త సూపర్‌వైజరు వచ్చి ఈ వరుస మార్చాడు. షామీర్‌పేట నుంచి నేరుగా మేడ్చల్ తీసుకెళ్లి అందరినీ దించి, వెనక్కి తిప్పి, అక్కను ఆఖర్న దించాలి. డీజిల్ కలిసొస్తుందని చెప్పాడు. కొన్నాళ్లకు రూటు చూడాలంటూ తనూ ఎక్కడం మొదలుపెట్టాడు. మొదట ముందు సీట్లో డ్రైవరు పక్కన. తరువాత వెనక సీట్లో అక్క పక్కన.

ఇదంతా అక్క ఒక్కరికే చెప్పుకుంది. అదే ల్యాబులో కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే ఒక అమ్మాయి. భీమవరం వైపు వాళ్లు, మేడ్చల్‌లో రైలు స్టేషను అవతల కొత్త కాలనీలో తల్లితో ఉంటుంది. అక్క కంటే పదేళ్లు చిన్నది. క్యాబులో ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్లు. అక్క టిఫిన్‌లో సర్వపిండి తెస్తే ఆ అమ్మాయి పూతరేకులు తెచ్చేది. "అక్కా, సైటులో పేజీ ఉంది కదా, రాసేయండి, భయపడతారేంటి" అని చెప్పింది ఆ అమ్మాయే.

అక్క ఒకరోజు సెలవు పెట్టి నా షాపుకు వచ్చింది. వచ్చి ఫ్లెక్సీల మధ్య స్టూలు మీద కూర్చుని, చాలాసేపు ఏదేదో మాట్లాడి, అప్పుడు అడిగింది.

"తమ్మీ, గా క్యాబ్ సైటు నువ్వే జేసినవ్ గదా. గండ్ల కంప్లైంట్ రాస్తే నిజంగనే ఓనర్ ఒక్కడే జూస్తడా?"

"ఓనర్ తప్ప నరమానవుడు జూడడక్కా. నేను జేసిన సైటు, నాకు తెల్వదా?"

"సూపర్‌వైజరు?"

"ఓనర్ అంటే ఓనరే."

అప్పుడన్నా ఏమైంది అని అడగాలి. అడగలేదు. క్యాబు విషయంలో ఏదో ఉందని అర్థమైంది, మిగతాది వినడానికి నాకే సిగ్గేసింది. తమ్ముడి ముందు చెప్పడానికి ఆమెకూ సిగ్గేసింది. "నువ్వు జూడకు, అటు పో" అంది. నేను మెట్ల మీదికి వెళ్లి నిలబడ్డాను. లోపల అక్క ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గంటసేపు రాసింది. నేను చూడకుండా మర్యాదగా బయట నిలబడ్డందుకు అప్పట్లో నా మీద నాకే గౌరవం కలిగింది.

తొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. పదో రోజు, ఆదివారం, అక్క రాసిన ఉత్తరం ఫొటో డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అక్కడి నుంచి దేవరయాంజాల్ చాయ్ హోటల్‌కు, అక్కడి నుంచి బావ ఫోనుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. నా ఫోనుకు సాయంత్రం వచ్చింది. నేను చూడకుండా బయట నిలబడ్డ ఆ ఉత్తరాన్ని ఊరందరితో పాటు నేనూ చదివాను.

చిన్నప్పుడు బడిలో సెలవుచీటీ రాసినట్టు రాసింది మా అక్క. "గౌరవనీయులైన యజమాని గారికి వ్రాయునది ఏమనగా" అని మొదలుపెట్టింది. సూపర్‌వైజరు ఏ తేదీన ఏ సీట్లో కూర్చున్నదీ, ఏమన్నదీ, చెయ్యి ఎక్కడ వేసిందీ, చెరువు కట్ట పక్కన చల్లగాలి కోసమంటూ బండి ఎందుకు ఆపించిందీ వరుసగా రాసింది. "నాకు ఈ పని చాలా అవసరము. నా పేరు బయటకు రానియ్యవద్దని మనవి" అని రాసింది. రాసి, కింద "ఇట్లు తమ విధేయురాలు" అని పెట్టి, పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, ఊరు అన్నీ రాసింది. పేరు రాయనక్కరలేదని పేజీలో నేను రాసే ఉంచాను. కానీ సంతకం లేని అర్జీని ఎవరు పట్టించుకుంటారని ఆమె నమ్మకం. మా ఇంట్లో అందరిదీ అదే నమ్మకం.

బావ అరవలేదు. మేకు మీది ఐడీ కార్డు తీసి, దాని తాడు చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"మాట వచ్చింది" అన్నాడట. అంతే.

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది. ఏడవడం అయిపోయిన గొంతు. "తమ్మీ, గది బయటికెట్ల వచ్చింది?"

"తెల్వదక్కా, జూస్తా" అన్నాను.

షాపు తెరిచి కూర్చున్నాను. పరీక్ష కోసం నేను ఒక డ్రైవరు పేరుతో చేసుకున్న లాగిన్ ఉంది. దాంతో లోపలికి వెళ్లి, ఫిర్యాదు పేజీలో "ఏసీ పని చేయడం లేదు" అని రాసి పంపాను. మీ ఫిర్యాదు అందింది, ఇక్కడ చూసుకోవచ్చు అని ఒక లింకు వచ్చింది. ఆ లింకు చివర పదహారు అని అంకె ఉంది. పదహారు చెరిపి పదిహేను వేశాను. టైర్ల గురించి సూపర్‌వైజరు పేరుతో రాసింది వచ్చింది. పద్నాలుగు వేశాను. గౌరవనీయులైన యజమాని గారికి వ్రాయునది ఏమనగా.

తరువాత అందరూ "సైటు హ్యాక్ అయిందంట" అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. హ్యాకూ లేదు, మన్నూ లేదు. ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఒక సూపర్‌వైజరు తన ఫోన్లో ఒక అంకె చెరిపి ఇంకో అంకె వేశాడు. చిన్నపిల్లలు కూడా చేయగలిగిన పని అది.

నాకు అర్థమైన రీతిలో చెబుతాను. పెళ్లికి పిలిచినవాళ్లందరూ ఫంక్షన్ హాల్లోకి రావచ్చు, బంతిలో కూర్చుని తినవచ్చు. పెళ్లికూతురు చీర మార్చుకునే గదిలోకి మాత్రం రాకూడదు. అందుకే ఆ గది తలుపు దగ్గర ఎవరో ఒక పెద్దమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నువ్వు పిలిచినవాడివే కానీ ఇక్కడ నీకేం పని, అని అడగడం ఆమె పని. ఆ ప్లగిన్ గేటు దగ్గర అందరినీ నువ్వెవరు అని అడిగింది. లోపల గది దగ్గర నీకేం పని అని అడగలేదు. పెద్దమ్మను కూర్చోబెట్టడం మరిచిపోయారు ఆ ప్లగిన్ చేసినవాళ్లు.

మరిచిపోయిన సంగతి వాళ్లకు తరువాత తెలిసింది కూడా. చుక్కలను దాచే ప్లగిన్ ఆపి చూశాను. ఎర్ర చుక్క అక్కడే ఉంది. దాని లోపల ఒకే వరుస, లాగిన్ అయిన ఎవరైనా ఇతరుల ఫిర్యాదులు చదవగలిగే లోపం సరిచేశాం అని. నాలుగు నెలల కిందట వదిలారు. ఒక్క బటను నొక్కితే సరిపోయేది. అక్క నా షాపులో స్టూలు మీద కూర్చుని అడిగిన రోజు కూడా ఆ చుక్క నేను కప్పిన గుడ్డ కింద వెలుగుతూనే ఉంది.

ఇంకొకటి కూడా చూడాలనిపించింది. నోటుబుక్కు తీసి, ఓనరు కోసం నేను తీసిన మెయిల్ తెరిచాను. అక్క ఉత్తరం అందులో ఉంది. చదవని మెయిల్ కాబట్టి నల్లగా, లావు అక్షరాలతో ఉంది. డ్రైవర్లు చదివారు, చాయ్ హోటల్ చదివింది, బావ చదివాడు, నేను చదివాను. ఎవరికి రాసిందో ఆయన మాత్రం చదవలేదు. చదివే దారి లేకుండా పాస్‌వర్డు నా సొరుగులో పెట్టుకున్నాను.

బటను నొక్కాను. లింకులో పద్నాలుగు వేసి చూస్తే ఈసారి మీకు అనుమతి లేదు అని వచ్చింది. చచ్చినవాడికి సెలైన్ ఎక్కించినట్టుంది.

అక్కకు ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పాల్సింది. చేతిలోకి ఫోను తీసుకునేసరికి తనే చేసింది. "రేపు పొద్దుగాల నన్ను డిపో కాడికి తీస్కపో. క్యాబ్ వచ్చే యాళ్లకు" అంది. బావను ఒప్పించిందేమో, డ్యూటీకి వెళ్తుందేమో అనుకున్నాను. అలా అనుకుంటే నాకు హాయిగా ఉంది కాబట్టి అలాగే అనుకున్నాను.

డిపో దగ్గర ఆడవాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. భీమవరం అమ్మాయి అక్కను చూసి "అక్కా" అంటూ ఎదురొచ్చింది. అక్క బండి దిగీ దిగకముందే మొదలుపెట్టింది.

"నీకు తప్ప ఇంకెవలికి తెల్సే? చెప్పు! నీతోని తప్ప నేను గాలితోని గూడ చెప్పుకోలే."

"అక్కా, మా అమ్మ మీద ఒట్టు. నేనెవరికీ చెప్పలేదక్కా."

"ఒట్లు పెట్టకు. నా చెయ్యి బట్టుకోని రాయమన్నవ్, రాసినంక నలుగుట్ల ఏసినవ్. మీ అటోళ్లను నమ్మిన జూడు, నా చెప్పుతోని నన్ను నేను కొట్టుకోవాలె."

రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. టిఫిన్ సెంటర్‌లో దోసె వేసేవాడు అట్లకాడ పట్టుకుని బయటికొచ్చాడు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. నా వైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. మీరైనా చెప్పండి అని చూసింది. ఆ సైటు నేనే చేశానని అక్క ఆమెకు గొప్పగా చెప్పుకుని ఉంటుంది.

నేను బండి స్టార్ట్ చేశాను. "నడువక్కా, పోదాం" అన్నాను. నేను అన్న మాట అదొక్కటే. సూపర్‌వైజరు క్యాబుకు ఆనుకుని ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు. వాడు తలెత్తలేదు, నేను వాడి దగ్గరికి వెళ్లలేదు.

ఆ వారంలోనే ఓనరు ఫోను చేశాడు. "తమ్మీ, గా కంప్లైంట్ పేజీ తీసెయ్యి."

"అన్నా, పేజీ తీసుడు అవసరం లేదు. లోపం సరిచేసిన. ఇప్పుడు నువ్వు తప్ప ఎవలు జూడలేరు."

"సరిజేసినవా? మంచిది. పేజీ గూడ తీసెయ్యి. ఉంటేనే గదా రాస్తరు."

"మరి గా సూపర్‌వైజర్ సంగతి?"

"వార్నింగ్ ఇచ్చిన. వాణ్ని తీసేస్తే రూట్లెవలు జూస్తరు, నువ్వు జూస్తవా?"

"కంపెనోళ్లు అడిగితే?"

"గా జాగల ఆఫీసు ఫోన్ నంబర్ పెట్టు. సౌలత్ ఉన్నట్టే గదా."

నాకు చెప్పాలనిపించినవి చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ చెప్పకుండా పేజీ తీసేశాను. ఆకుపచ్చ వాక్యం, తాళం బొమ్మ పోయాయి. ఆ జాగాలో ఫోను నంబరు పెట్టాను. ఆ ఆఫీసులో ఫోను ఎవరు ఎత్తుతారో అడగలేదు.

ఆ కోపమంతా తీసుకెళ్లి మిగతా సైట్ల మీద పెట్టాను. అన్నిటిలోనూ చుక్కలు దాచేదాన్ని పీకేశాను. మరునాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "తమ్మీ, మస్తు సుక్కలొచ్చినయి, మునిగిపోయిందా?" ఒక్కొక్కటే ఎక్కిస్తూ కూర్చున్నాను. రెండు స్కూళ్లు, ఆ ఫంక్షన్ హాలు వేరేవాడి దగ్గరికి వెళ్లిపోయాయి. ఆ వేరేవాడు మొదటి రోజే చుక్కలు దాచి ఉంటాడు.

అక్కకు చెప్పడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. రోజూ రేపు చెబుదాం అనుకునేవాణ్ని. ఆ అమ్మాయి ఫోన్లు చేస్తే అక్క ఎత్తడం లేదని తెలుసు. చివరికి నంబరే బ్లాక్ చేసిందని తెలుసు. తెలిసి కూడా అన్నం తిన్నాను, గిరాకీ చూసుకున్నాను.

ఒక మధ్యాహ్నం దేవరయాంజాల్ వెళ్లాను. బావ పనికి వెళ్లాడు. అక్క వాకిట్లో కూర్చుని గ్లాసులు కడుగుతోంది. ఇంట్లో రోజూ నీళ్లు తాగే గాజు గ్లాసులు. ఒక్కోదాన్ని వెలుతురుకు ఎత్తి, తిప్పి చూసి, పక్కన బోర్లిస్తోంది. అక్కడే గోడకు ఆనుకుని, అంతా చెప్పాను. అంకె మార్చడం, చుక్క, మెయిల్, అన్నీ.  అంతా అయ్యాక అక్క చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నీకు ఏ దినం తెల్సింది?"

"ఆదివారం."

"ఏ ఆదివారం?"

"గదే ఆదివారమక్కా."

"అంటే నేను డిపో కాడికి పోయిన ముందు దినం."

"ఊఁ."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండును. అక్క చేతిలోని గ్లాసును మళ్లీ నీళ్లలో ముంచి మళ్లీ కడగడం మొదలుపెట్టింది. "నా కొలువు పోయిందంటే పోయింది. అది నా రాత అనుకుంట. గా పిల్లను నడిరోడ్డు మీద అన్నయి ఎట్ల వాపస్ తీస్కోవాలెరా?" అంది. తల ఎత్తకుండానే, "నాకెందుకు చెప్తున్నవ్? పో, దానికి చెప్పు. నేను రాను. ఏ మొకం బెట్టుకోని రావాలె" అంది.

ఆ ఆదివారం రైలు స్టేషను అవతల కాలనీకి వెళ్లాను. తలుపు వాళ్లమ్మగారు తీశారు. నేనెవరో చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది, అయినా "కూర్చో బాబూ" అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. ఆ అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది. కూర్చోలేదు. అక్కకు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను, కాలేదు.

"అయితే నేను చెప్పలేదని మీకు ఆ రోజే తెలుసన్నమాట" అంది.

"తెలుసమ్మా."

"నేను మీ వైపు చూశాను కూడా."

"చూశావు."

ఆమె తల ఊపింది. తిడితే పడటానికి సిద్ధపడి వచ్చాను. ఆమె తిట్టలేదు. "అక్క ఎలా ఉన్నారండీ?" అని అడిగింది. ఇంట్లోనే ఉంటోందని చెప్పాను. కాఫీ వచ్చింది. గ్లాసు అందుకున్నాను. వాళ్లమ్మగారు లోపలికి వెళ్లేదాకా ఆగి, ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది.

"ఆ ఫిర్యాదు పేజీ ఇప్పుడు ఎక్కడుందండీ? నాలుగు రోజుల నుంచి వెతుకుతున్నాను, కనపడట్లేదు."

"దేనికమ్మా?"

"అక్క మానేశాక రూటు మళ్లీ మార్చారు. డిపో దగ్గర అందరూ దిగిపోతారు. ఇప్పుడు చివరి స్టాపు నాది."

పేజీ తీసేశానని చెప్పాను. ఆ జాగాలో ఫోను నంబరు ఉందని నోటి దాకా వచ్చింది. అంతలో ఆమే అంది.

"అక్కడేదో నంబరు పెట్టారు కదా, దానికి చేశానండీ. ఆ సూపర్‌వైజరే ఎత్తాడు."